తమ్ముడికి ఆపరేషన్ అయ్యాక ఆరు గంటలు ఊపిరి రాలేదు. ఇప్పుడు చెల్లెలి మేనరికం సంబంధం గురించి సలహా కావాలి

పేటవీధి | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. పోస్టు పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది ప్రొద్దుటూరు. తాత కాలంలో బెంగళూరు వచ్చి చిక్‌పేటలో బట్టల అంగడి పెట్టారు. ఆర్యవైశ్యులం. కులం ఎందుకు చెప్తున్నానో కింద మీకే తెలుస్తుంది.

మూడు వారాల కిందట మా తమ్ముడికి (26 ఏళ్లు) అపెండిసైటిస్ వచ్చింది. రాత్రి పదకొండుకు థియేటర్‌లోకి తీసుకెళ్లారు. గంటలో అయిపోతుందన్నారు. ఒంటిగంటకు సర్జన్ బయటికొచ్చి, "ఆపరేషన్ బాగా జరిగింది, కానీ అబ్బాయి సొంతంగా ఊపిరి తీసుకోవట్లేదు, వెంటిలేటర్ మీదే ఉంచాం" అన్నారు. అమ్మ వరండాలో గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. నాన్న చేతిలో టీ కప్పు తెల్లారేదాకా అట్లాగే ఉంది, ఒక్క గుక్క తాగలేదు. ఉదయం ఏడు దాటాక నర్సు వచ్చి "వేళ్లు కదుపుతున్నాడు" అని చెప్పింది.

ఇప్పుడు వాడు బాగున్నాడు. అంగడికి కూడా వస్తున్నాడు.

మర్నాడు రక్తం తీసి పంపారు. రిపోర్టులో కోలినెస్టరేజ్ (రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ అంట) అంకె దాదాపు సున్నా. మత్తు డాక్టరమ్మ ఆ కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న: "మీరు శెట్లా?" అవునన్నాను. "మీవాళ్లలో ఇది ఉంటుంది, ఇంట్లో అందరికీ చూపించండి" అని చెప్పి వెళ్లిపోయారు. రౌండ్స్ టైమ్, ఇంకేమీ అడగలేకపోయాను. ఆపరేషన్‌కి ముందు షుగర్, బీపీ, అలర్జీ ఉన్నాయా అని అడిగారే కానీ, ఇంట్లో ఇంకెవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అని ఎవరూ అడగలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

అసలు టెన్షన్ ఏంటంటే, చెల్లెలికి (24) మా మేనమామ కొడుకుతో సంబంధం దాదాపు ఖాయం చేసుకున్నాం. ఇద్దరికీ ఇష్టమే. మామ మాత్రం "గోత్రం వేరు, జాతకం కుదిరింది, ఇంక ఈ రక్తాల గొడవ ఎందుకురా" అంటున్నాడు. మా కులంలోనే ఇది ఎందుకు ఉంది? చెల్లెలి పెళ్లి గురించి ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

మత్తుడాక్టర్ | ఆదివారం, రాత్రి 10:35

పేటవీధి గారూ, నేను అనస్థీషియా డాక్టర్ని. సొంతూరు నెల్లూరు, బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. ముందు మీ అమ్మగారికి ఈ మాట చదివి వినిపించండి: మీ తమ్ముడు రోగి కాడు. తిండి, పని, ఆటలు, పెళ్లి, పిల్లలు, దేనికీ అడ్డు లేదు. ఆ ఎంజైమ్ లేకుండా వందేళ్లు బతకొచ్చు. దాని అవసరం పడేది మా బల్ల మీద పడుకున్నప్పుడే.

ఎమర్జెన్సీ ఆపరేషన్‌లో కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోకముందే గొంతులో ట్యూబు వేసేయాలి. అందుకు మేం స్కోలిన్ ఇస్తాం. అసలు పేరు సక్సినైల్‌కోలిన్. నిమిషం తిరక్కముందే ఒంట్లో కండరాలన్నీ సడలిపోతాయి, ఊపిరి తీసే కండరాలతో సహా. మామూలుగా ఐదు పది నిమిషాల్లో మళ్లీ కదలిక వస్తుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే కోలినెస్టరేజ్ ఆ మందుని ముక్కలు చేసేస్తుంది కాబట్టి. మీ తమ్ముడి రక్తంలో ఆ కత్తెర లేదు. మందు దానంతటది కరిగిపోయేదాకా ఆగాలి, దానికి గంటలు పడుతుంది.

ఆ గంటల్లో మేం చెయ్యాల్సింది ఊపిరి మిషన్ ఆపకుండా ఉండటం, మనిషిని నిద్రలోనే ఉంచటం. రెండోది మరిచిపోతే మెలకువ ఉండి, అన్నీ వినిపిస్తూ, కనురెప్ప కూడా ఎత్తలేక పడి ఉంటాడు. మీ వాడికి ఆ రాత్రి ఏమైనా గుర్తుందా? గుర్తు లేదంటే అక్కడివాళ్లు నిద్రలో ఉంచారన్నమాట.

ఇంక ఈ వారంలో చెయ్యాల్సిన పని. ఆ ఆసుపత్రి నుంచి లెటర్ హెడ్ మీద రాయించుకోండి: స్కోలిన్, అలాగే కండరాలు సడలించే ఇంకో మందు మివాక్యూరియం ఇవ్వకూడదు అని. బదులుగా వాడటానికి రోక్యురోనియం ఉంది, కాబట్టి ఏ ఆపరేషనూ ఆగదు. కాగితం ఫొటో తీసి తమ్ముడి ఫోన్ లాక్ స్క్రీన్ మీద పెట్టండి. తర్వాత మీకూ చెల్లెలికీ పరీక్ష. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి ఇది ఉండే అవకాశం నాలుగో వంతు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఈ కోలినెస్టరేజ్ పరీక్షే పురుగుమందు తాగినవాళ్లకి కూడా చేస్తారు. పీజీలో ఉన్నప్పుడు, కోస్తాలో, ఒక కుర్రాడు కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారు. ఎంజైమ్ తక్కువ ఉందని పురుగుమందు తాగాడనుకున్నారు. వాళ్లమ్మ "నా బిడ్డ అలాంటి పని చెయ్యడు" అని ఏడుస్తూనే ఉంది. ఒంట్లో విషం లక్షణం ఒక్కటీ లేదు. పుట్టుకతోనే తక్కువని తర్వాత తేలింది. మీ ఇంట్లో ఎవరికి తక్కువ ఉందో రాసి పెట్టుకుంటే ఇలాంటప్పుడు కూడా పనికొస్తుంది.

హోసూరు_రోడ్డు | ఆదివారం, రాత్రి 11:12

తమ్ముడు బాగున్నందుకు సంతోషం అన్నా. కానీ ఒక మాట సూటిగా చెప్తా. మా అమ్మానాన్నలది మేనరికం. మా అవ్వాతాతలదీ మేనరికమే. ముగ్గురు పిల్లలం, ముగ్గురం గట్టిగా ఉన్నాం. ఈ మధ్య ఏ యూట్యూబ్ వీడియో చూసినా మేనరికం అంటే పాపం చేసినట్టు మాట్లాడుతున్నారు. పైగా "మీ కులంలో ఇది ఉంది" అని ఒక డాక్టరు మొహం మీద అనటం నాకు నచ్చలేదు. రేపు సంబంధాలకి వెళ్తే ఆడపిల్లలనే కదా వేలెత్తి చూపేది?

పిపెట్_పట్టిన_చెయ్యి | సోమవారం, ఉదయం 7:05

నేను యలహంక వైపు ఒక ల్యాబ్‌లో జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఊరు నంద్యాల. హోసూరు రోడ్డు అన్న భయం నాకర్థమైంది. కానీ ఇది ఒక్క కులం గురించిన మాట కాదు. మనందరి గురించినది.

2009లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) నుంచి తంగరాజ్ గారు, లాల్జీ సింగ్ గారు, అమెరికా నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. దేశంలో 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్ఏ చూశారు. చాలా సమూహాల మూలం కొద్దిమంది పూర్వీకుల దగ్గర ఆగుతోందని, తర్వాత బయటివాళ్లతో పెళ్లిళ్లు చాలా తక్కువని తేలింది. అందులో మన వైశ్యుల డీఎన్ఏలో ఆ ముద్ర బాగా గట్టిగా కనిపించింది, అదీ రెండు మూడు వేల ఏళ్ల నాటిది. పక్క ఊళ్లో, పక్క వీధిలో వేరేవాళ్లు ఉన్నా అన్ని తరాలపాటు పెళ్లిళ్లు లోపల్లోపలే జరిగాయన్నమాట.

రైతుబిడ్డలకి వెంటనే తెలిసేలా చెప్తాను. కరువు ఏడాది ఊళ్లో ఒక్క ఇంట్లోనే కుంచెడు విత్తనం మిగిలింది. ఆ కుంచెడుతోనే ఊరంతా మళ్లీ సాగు చేశారు. వందేళ్ల తర్వాత పొలాలు వెయ్యి ఎకరాలు కావొచ్చు, కానీ గింజలన్నీ ఆ కుంచెడువే. ఆ కుంచెడులో ఒక గింజకి చిన్న లోపం ఉంటే అది వెయ్యి ఎకరాల్లోనూ అక్కడక్కడా తేలుతుంది. శాస్త్రంలో దీన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. ఆ గింజలు చెడ్డవని ఎవరూ అనలేదు. వేరే ఊరి కుంచెడులో వేరే లోపం ఉంటుంది, అంతే.

వైశ్యుల్లో తేలిన లోపం మూడో క్రోమోజోమ్ మీద, ఈ కోలినెస్టరేజ్‌ని తయారుచేయించే బీసీహెచ్ఈ జన్యువులో ఉంది. ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే ఇంకోటి వచ్చింది. 2006లో దాన్ని గుర్తించారు. ఒక్క అక్షరం తేడా, ఎంజైమ్ నిలబడదు. మిగతావాళ్లతో పోలిస్తే వైశ్యుల్లో ఈ లోపం దాదాపు వంద రెట్లు ఎక్కువ. అందుకే ఆ డాక్టరమ్మ అలా అడిగారు. ఆ ప్రశ్న ఆపరేషన్‌కి ముందు వేసి ఉంటే మీ రాత్రి వేరేలా ఉండేది.

ఇక 2017 నాటి నేచర్ జెనెటిక్స్ పరిశోధన. 263 దక్షిణాసియా సమూహాలు చూస్తే 81 సమూహాల్లో ఫౌండర్ ఎఫెక్ట్ ఫిన్లండ్ వాళ్లకన్నా, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉంది. ఆ 81లో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. ఫిన్లండ్‌లో వాళ్ల ప్రత్యేక జబ్బుల జాబితా ఎప్పుడో తయారైంది. మన దగ్గర ఎక్కువ సమూహాల్లో ఇంకా మొదలే కాలేదు. వైశ్యుల విషయంలో జన్యువు పేరు తెలిసింది కాబట్టి మాట్లాడుకోగలుగుతున్నాం. మిగతావాళ్లకి ఆ మాత్రం కూడా తెలియదు, నాకు నిద్ర పట్టనిది అందుకే.

పేటవీధి | సోమవారం, ఉదయం 8:20

డాక్టర్ గారూ, తమ్ముణ్ణి అడిగాను. థియేటర్‌లో లైట్లు, ఆ తర్వాత ఉదయం నర్సు మొహం, మధ్యలో ఏమీ గుర్తులేదన్నాడు. మీ మాట చదివాక అమ్మ మూడు వారాల తర్వాత నిన్న రాత్రి నిద్రపోయింది.

పిపెట్ గారూ, మరి మా గోత్రాల సంగతి? మాలో 102 గోత్రాలు. ఒకే గోత్రంలో చేసుకోము. అది జాగ్రత్త కాదా?

పిపెట్_పట్టిన_చెయ్యి | సోమవారం, మధ్యాహ్నం 1:40

ల్యాబ్‌లో పీసీఆర్ పెట్టి వచ్చాను అన్నా, గంటన్నర టైముంది. ఈ ప్రశ్నకి నెమ్మదిగా జవాబు చెప్తాను, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి.

గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. జన్యువుల్లో అలా ఒక్క మగ దారినే పోయేది వై క్రోమోజోమ్ మాత్రమే. పది తరాలు వెనక్కి లెక్కేయండి: మీకు 1,024 పూర్వీకుల స్థానాలు వస్తాయి. గోత్రం అందులో ఒకే ఒక్కడి గురించి చెప్తుంది. మిగతా 1,023 మంది గురించి దానికేమీ తెలియదు.

మీ మేనమామ కొడుకునే తీసుకోండి. గోత్రం వేరే. కానీ మీ అమ్మా, మామా ఒకే తల్లీతండ్రుల బిడ్డలు. మీ చెల్లెలికీ ఆ అబ్బాయికీ సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఒకే తాతా అవ్వల నుంచి వచ్చినవే. మేనమామకే మేనకోడల్ని ఇస్తే అది నాలుగో వంతు. అదే, మీ చిన్నాన్న కూతురి కూతురికి మీ గోత్రం ఉండదు, అయినా రక్తం దగ్గరే.

రెండోది, హోసూరు రోడ్డు అన్న కోసం. మేనరికం మానేసినంత మాత్రాన అంతా సర్దుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. సమూహం మొత్తం ఆ కుంచెడు విత్తనం నుంచి వచ్చినప్పుడు, చుట్టరికం ఏమీ తెలియని ఇద్దరు కూడా లోపల ఎక్కడో దూరపు చుట్టాలే. మన దేశంలో జనం కలిసిపోయిన కాలం కూడా ఉంది. 2013 నాటి లెక్క ప్రకారం దాదాపు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఉత్తర, దక్షిణ మూలాలవాళ్లు విరివిగా కలిశారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నారు. మన ముందు తరాలు ఆ మూసిన తలుపుల వెనకే పెళ్లిళ్లు చేసుకున్నాయి.

కౌన్సెలర్_జయనగర్ | సోమవారం, సాయంత్రం 6:30

నేను జెనెటిక్ కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. రోజూ ఇలాంటి కుటుంబాలతోనే కూర్చుంటాను. మీ లెక్క వేసి చూపిస్తాను, కాగితం పక్కన పెట్టుకోండి.

తమ్ముడికి లోపం ఉంది అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చెడిన కాపీ వచ్చింది. కాబట్టి అమ్మా నాన్నా ఇద్దరూ క్యారియర్లే, అంటే ఒక కాపీ చెడినది, ఒకటి మంచిది ఉండి, తమకేమీ కాకుండా పిల్లలకి అందించగలవాళ్లు. పరీక్ష అక్కర్లేదు. చెల్లెలికి లోపం లేదని తేలితే, ఆమె క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు. మీ మామకి రెండింట ఒకటి. అతని కొడుక్కి నాలుగింట ఒకటి. ఇద్దరూ క్యారియర్లయితే ఒక్కో బిడ్డకి నాలుగింట ఒకటి. అన్నీ గుణిస్తే ఇరవై నాలుగింట ఒకటి, దాదాపు నాలుగు శాతం. మీ అత్త కూడా క్యారియర్ అయితే ఇంకా పెరుగుతుంది. మీ సమూహంలో ఆ మాట కొట్టిపారేయలేం.

ఇప్పుడు మీరు పెద్దలకి చెప్పాల్సింది: ఈ నాలుగు శాతం కోసం పెళ్లి ఆపక్కర్లేదు. ఆ బిడ్డకి లోపం వచ్చినా మీ తమ్ముడిలాగే ఉంటుంది. కాగితం ఒకటి జేబులో ఉంటే చాలు. నేను ఆలోచించేది పేరు తెలియని మిగతా లోపాల గురించి. ఏ తల్లిదండ్రులకైనా పుట్టే బిడ్డకి పెద్ద లోపం వచ్చే అవకాశం వందకి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్ల పెళ్లిలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తుంది. అంటే వందలో 94, 95 మంది పిల్లలు బాగానే పుడతారు. హోసూరు రోడ్డు గారి ఇల్లు అందుకే బాగుంది. ఆయన చెప్పింది నిజమే. కానీ మిగిలిన ఐదారుగురి ఇళ్లు కూడా నిజమే. ఆ ఇళ్లవాళ్లు నా ముందు కుర్చీలో కూర్చుంటారు.

మీ చెల్లెలు, ఆ అబ్బాయి పెళ్లికి ముందే కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమనండి. ఇద్దరి రక్తంతో క్యారియర్ పరీక్ష చేయొచ్చు. ఇద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం కనిపిస్తే ముందే దారులు ఉంటాయి. గర్భం వచ్చాక 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న తునక తీసి, లేదా 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీసి చూడొచ్చు. ఎంజైమ్ పరీక్షతో క్యారియర్ని నమ్మకంగా పట్టలేం, జన్యు పరీక్షే చేయించండి.

అనంతపురం_అమ్మ | సోమవారం, రాత్రి 11:55

బాబు పడుకున్నాక రాస్తున్నాను. మాది మేనరికం కాదు. మా వారిది ధర్మవరం, మాది గుత్తి. చుట్టరికం ఏమీ లేదు, కులం మాత్రం ఒకటే. మా బాబుకి ఏడేళ్లు. తలసీమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగా తయారవ్వని పుట్టుక జబ్బు. ప్రతి మూడు వారాలకీ రక్తం ఎక్కించాలి. పోయిన వారం ఎక్కించినప్పుడు నరం దొరక్క నాలుగు చోట్ల గుచ్చారు. వాడు ఏడవలేదు. "అమ్మా, ఈ చెయ్యి చూడమని చెప్పు, దీంట్లో దొరుకుద్ది" అని ఎడమ చెయ్యి చాపాడు. ఏడేళ్ల బిడ్డకి తన నరాలు ఎక్కడున్నాయో తెలిసిపోయింది.

నేను గర్భంతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 9 ఉందని ఐరన్ బిళ్లలు రాశారు. మూడు నెలలు మింగినా పెరగలేదు. డోసు పెంచారు. నా రిపోర్టులో ఎర్రకణాలు చాలా చిన్నగా ఉన్నాయి, లెక్కకి మాత్రం ఎక్కువే ఉన్నాయి. అది తలసీమియా క్యారియర్ గుర్తని బాబు పుట్టిన ఏడాదికి తెలిసింది. హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) ఎంతుందో చూసే పరీక్ష ఒక్కటి రాసి ఉంటే, అది 3.5 శాతం దాటిందని చూసి ఉంటే, మా వారికీ చేయించి ఉండేవాళ్లం. ఎవర్నీ తిట్టాలని లేదు. కానీ ఇక్కడ చదివే ఆడపిల్లలకి చెప్తున్నాను. ఐరన్ వేసుకున్నా రక్తం పెరగకపోతే ఊరికే మింగుతూ కూర్చోకండి. హెచ్‌బీఏ2 రాయమని మీరే అడగండి.

మత్తుడాక్టర్ | మంగళవారం, ఉదయం 6:15

అనంతపురం అమ్మా, మీ పోస్టు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మీరు రాసిన ఎర్రకణాల మాట మా పాఠ్యపుస్తకాల్లో ఉంది. చూడాల్సినవాళ్లు చూడలేదు.

పిఠాపురం_మాస్టారు | మంగళవారం, ఉదయం 10:20

నేను జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పిల్లలు పెద్ద పెద్ద సంస్థల పేర్లు చెప్తుంటే మా ఊరివాడు ఒకాయన గుర్తొచ్చాడు. ద్రోణంరాజు కృష్ణారావు గారిది పిఠాపురం. 1957లో పేరుమోసిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశాక, ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. జన్యుశాస్త్రం చదవడానికి ముందు తన ఇంటివైపే చూశాడు. మగవాళ్ల చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి వస్తున్నాయని వంశవృక్షాలు గీసి 1960లో ప్రచురించాడు. అది వై క్రోమోజోమ్ మీద ఉంటుందని ఆయన ఊహ. దాదాపు నలభై ఏళ్ల తర్వాత డీఎన్ఏతో పరీక్షిస్తే ఆ ఊహ నిలబడలేదు, కానీ ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న పద్ధతి నిలబడింది. ఆంధ్రాలో మేనరికాల లెక్క కూడా ఆ రోజుల్లోనే ఆయన తీశాడు.

నేను తరగతిలో పిల్లలచేత మూడు తరాల వంశవృక్షం గీయించేవాణ్ణి. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం, పోయినవాళ్లకి అడ్డగీత. పేటవీధి బాబూ, మీ అవ్వ ఉందా? ఉంటే ఇవాళే ఆమె పక్కన కూర్చుని గీయి. పెద్దవాళ్లు పోయాక ఆ సమాచారం ఏ ల్యాబ్ ఇవ్వలేదు. చిన్నప్పుడే పోయిన పిల్లల్ని కూడా అడుగు. ఆ పిల్లల గురించి ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు.

వైట్‌ఫీల్డ్_వాసి | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇవన్నీ చేయించుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు "మీకు పుట్టుకతో ఉంది" అని క్లెయిమ్ ఎగ్గొట్టరా? ఇంకోటి, ఉమ్మి పంపిస్తే మీ పూర్వీకులు ఎక్కడివాళ్లో చెప్పే కిట్లు ఉన్నాయి కదా, వాటితో సరిపోదా?

కౌన్సెలర్_జయనగర్ | మంగళవారం, సాయంత్రం 7:00

2018లో ఢిల్లీ హైకోర్టు ఒక గుండెజబ్బు కేసులో, జన్యువుల ఆధారంగా ఆరోగ్య బీమాలో వివక్ష చూపటం రాజ్యాంగానికి విరుద్ధం అని చెప్పింది. పాలసీ షరతులు మాత్రం చదువుకునే సంతకం పెట్టండి. పూర్వీకుల కిట్ల మీద ఆధారపడకండి. అవి జబ్బులు పట్టడానికి తయారు చేసినవి కావు, అందులో ఏమీ రాలేదంటే లోపం లేదని అర్థం కాదు.

హోసూరు_రోడ్డు | మంగళవారం, రాత్రి 9:45

అనంతపురం అక్కా, నిన్న రాత్రి మీది చదివి మా ఆవిడకి చూపించాను. మా అక్క ఒకామె నెలల బిడ్డగా ఉన్నప్పుడే పోయింది. ముగ్గురం అని రాశాను కదా. నలుగురం. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, నాకూ లెక్కలోకి రాలేదు. ఈ రోజు అమ్మకి ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది. మెడ నిలబడేది కాదంట, పాలు తాగలేకపోయేదంట. దేనివల్లనో ఎవరూ చెప్పలేదంట.

పిపెట్_పట్టిన_చెయ్యి | మంగళవారం, రాత్రి 10:30

అన్నా, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాసి పెట్టండి. మెడ నిలబడకపోవడం, పాలు తాగలేకపోవడం, ఎన్నో నెల, అన్నీ. మీ పిల్లల తరంలో ఎప్పుడైనా డాక్టరుకి ఆ రెండు వాక్యాలు దారి చూపిస్తాయి.

మీరు మొదట అడిగిన ఆడపిల్లల మాట గురించి కూడా. అమెరికాలోని సనాతన యూదులు 1983 నుంచి ఒక పద్ధతి నడుపుతున్నారు, పేరు దోర్ యెషోరిమ్. నలుగురు బిడ్డల్ని టే-సాక్స్ అనే, పసితనంలోనే ప్రాణం తీసే జన్యు జబ్బుతో పోగొట్టుకున్న ఒక మతగురువు మొదలుపెట్టాడు. కుర్రాళ్లకి, అమ్మాయిలకి పరీక్ష చేస్తారు, ఫలితం వాళ్లకి కూడా చెప్పరు. ఒక నంబరు ఇస్తారు. సంబంధం చూసేటప్పుడు రెండు నంబర్లు చెప్తే, ఈ జత కుదురుతుందా లేదా అని మాత్రం చెప్తారు. ఎవరు క్యారియరో ఊరికి తెలియదు, ఏ అమ్మాయి మీదా మచ్చ పడదు. మన ఇళ్లల్లో జాతకాలు ఎలాగూ చూస్తాం, పక్కన ఇలాంటి నంబరు ఒకటి ఎందుకు ఉండకూడదు?

మత్తుడాక్టర్ | బుధవారం, ఉదయం 6:40

ఆ పద్ధతి ప్రాణాంతకమైన జబ్బులకి సరే. పేటవీధి గారి ఇంట్లో ఉన్న లోపాన్ని మాత్రం దయచేసి ఆ జాబితాలో కలపొద్దు. ఒక ఇంజెక్షన్ మార్చితే తీరిపోయేదానికి పెళ్లిళ్లు చెడగొట్టకూడదు. దీనికి కావాల్సింది ఇంట్లో పెద్దలు దాచకుండా చెప్పడం, మేం మత్తు ఇచ్చే ముందు అడగడం. నేను ఈ వారం నుంచి మా ప్రీ-అనస్థీషియా ఫారంలో ఒక వరుస చేర్చాను: "మీ కుటుంబంలో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి, మెలకువ ఆలస్యమయ్యాయా?" కన్నడంలో, తెలుగులో, తమిళంలో రాయించాను.

పేటవీధి | శనివారం, రాత్రి 10:05

మాస్టారూ, మీరు చెప్పినట్టే గురువారం అవ్వ పక్కన కూర్చున్నాను. అంగడిలో పాత ఖాతా పుస్తకం వెనక పేజీలు తీసుకుని గీశాను. అవ్వకి చదువు రాదు. కానీ ఏ గీత ఎక్కడ కలవాలో నాకన్నా బాగా చెప్పింది. "అది కాదురా, దాన్ని ఇచ్చింది కడపకి కాదు, మైదుకూరుకి" అని వేలు పెట్టి దిద్దించింది.

మా తాత చిన్న తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఆయన హెర్నియా ఆపరేషన్‌కి వెళ్లి తిరిగి రాలేదు. 1974 ప్రాంతం అయ్యుంటుంది, మా నాన్న పదో తరగతి. "మత్తు దిగలేదన్నారు. అమావాస్య నాడు పోవద్దంటే పోయినాడు" అంది అవ్వ. యాభై ఏళ్లుగా మా ఇంట్లో అది అమావాస్య మీద ఉంది. ఆ చతురస్రం పక్కన నేను స్కోలిన్ అని రాశాను, ప్రశ్నార్థకం పెట్టి.

పరీక్షలు: నాకు ఎంజైమ్ మామూలుగానే ఉంది. చెల్లెలిది కొంచెం తక్కువ, జన్యు పరీక్షకి ఇచ్చాం. మామ దగ్గరికి నేనూ తమ్ముడూ కలిసి వెళ్లాం. తమ్ముడు తన లెటర్ మామ చేతిలో పెట్టి, "గోత్రం నాదీ నాన్నదీ ఒకటే మామా, కానీ నాకీ లోపం సగం నీ వైపు నుంచే వచ్చింది" అన్నాడు. మామ చాలాసేపు ఆ కాగితం చూశాడు. సోమవారం వాళ్లబ్బాయి కూడా రక్తం ఇస్తాడు. కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్తారు. ఆ తర్వాత ఏం చేసుకోవాలో వాళ్లిద్దరే తేల్చుకుంటామన్నారు, అమ్మ ఒప్పుకుంది.

ఒక విషయంలో ఇంకా టెన్షన్‌గా ఉంది. మా పిన్ని కూతురికి వచ్చే నెల డెలివరీ, సిజేరియన్ కావొచ్చన్నారు. మా పటం చూసి ఆమె కూడా పరీక్ష చేయించుకుంది. ఎంజైమ్ బాగా తక్కువ వచ్చింది. డాక్టర్ గారూ, ఏం చెయ్యాలి?

మత్తుడాక్టర్ | శనివారం, రాత్రి 10:20

గర్భంతో ఉన్నప్పుడు ఈ అంకె కొంత తగ్గుతుంది, కాబట్టి అసలు సంగతి జన్యు పరీక్షలోనే తేలుతుంది. అది వచ్చేదాకా ఉన్నట్టే అనుకుని నడవండి. చాలా సిజేరియన్లు వెన్నులో ఇంజెక్షన్‌తోనే అయిపోతాయి, అక్కడ ఇచ్చే బుపివకైన్‌కి ఈ ఎంజైమ్‌తో పని లేదు. భయమంతా అర్ధరాత్రి ఎమర్జెన్సీ వచ్చి, పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చి, డ్యూటీలో కొత్త డాక్టరు ఉన్నప్పుడే.

అందుకే ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే చాలదు. రేపే వెళ్లి, మీ తమ్ముడి రిపోర్టు, ఆమె రిపోర్టు రెండూ కేస్ షీటు మొదటి పేజీకి పిన్ చేయించండి. పైన ఎర్ర పెన్నుతో "స్కోలిన్ ఇవ్వవద్దు" అని రాయించి, అనస్థీషియా డాక్టర్‌తో ముందే ఒకసారి మాట్లాడించండి. వాళ్లు సంతకం పెట్టాక ఇక్కడ చెప్పండి. నేను చూస్తుంటాను.

పేటవీధి | ఆదివారం, సాయంత్రం 5:30

పిన్ చేయించాం. సంతకం అయింది.